గార్నెట్ వీధి తీగ

మా వెనక సందులో నిలబడి పైకి చూస్తే ఒక రాగి తీగ కనిపిస్తుంది. ఎనిమిదో నంబరు ఇంటి పొగగొట్టం దగ్గర మొదలై, ఏడిళ్ళ పెరళ్ళ మీదుగా పోయి, ఇరవయ్యో నంబరు పొగగొట్టానికి ముడిపడుతుంది. మా వైపు ఇళ్ళకు అన్నీ సరి నంబర్లే. ఎనిమిది నాది. ఇరవై వాల్టర్ టాటర్సల్‌ది. కింద బట్టలారేసే తాళ్ళు, పైన తీగ. అది రేడియో తీగ. వినడానికే కాదు, పంపడానికి కూడా. లైసెన్సుంది, ఎవరికైనా అనుమానముంటే చూపిస్తాను.

నేను వాడేది, మాలాంటి సరదా రేడియోవాళ్ళకు అనుమతి ఉన్నవాటిలో అన్నిటికంటే పొడుగు అల. ఒక్కొక్క అల రెండు కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. అంత పొడుగు అలకు అంత పొడుగు స్థలం కావాలని పుస్తకాలన్నీ రాస్తాయి. పొలం ఉండాలట, వందడుగుల స్తంభం ఉండాలట. ఆ పుస్తకాలు రాసినవాళ్ళకు పొలాలున్నాయి కాబట్టి అలా రాశారు. మాకున్నది ఇంటికి పదడుగుల రాతిపలకల పెరడు, ఒక చెత్తడబ్బా. కానీ ఏడు పెరళ్ళు కలిపితే? ఇది రేడియో శాస్త్రం కాదు, యూనియన్ శాస్త్రం. నాకు ముందు వచ్చింది అదే.

మిగతా ఆరిళ్ళ తలుపులు కొట్టి ఆరు సంతకాలు తెచ్చాను. ఈ పనిలో సగం గాల్లో ఉంటే సగం మట్టిలో ఉంటుంది. పంపిన కరెంటు తిరిగి భూమిలోంచే రావాలి, అందుకని ఏడు పెరళ్ళలోనూ పలకలు లేపి రాగి తీగలు పాతాం. పాతాం అంటే వాల్టర్ పాతాడు. బస్సు డిపోలో ఫిట్టరుగా చేసిన మనిషి, చేతిలో గునపం ఉంటే తప్ప మాట్లాడడం రాదు. శ్రుతి కలిపే తీగచుట్ట నేను ఒక పాత చెత్తడబ్బా మీద చుట్టాను. బ్యాటరీలు డిపో పాతసామాన్లలోంచి కొన్న బస్సు బ్యాటరీలు. ఇంత చేసి రెండొందల వాట్లు తోస్తే గాల్లోకి పోయేది చేతిగడియారం నడపడానికి కూడా చాలదు. మిగతాదంతా గార్నెట్ వీధి మట్టిని వెచ్చబెడుతుంది.

సోమవారాలు పదహారో నంబరు ఐవీ తడి దుప్పట్లు ఆరేస్తే తీగ శ్రుతి తప్పేది. దుప్పటి దుప్పటికీ నేను తీగచుట్ట సర్దుకోవాలి. "ఏమే బెరిలూ, నా లోపావడాలు కూడా నీ రేడియోలో కనిపిస్తున్నాయా?" అని అడిగేది. "లోపావడాలు కావు, దుప్పట్లే కనిపిస్తాయి" అనేదాన్ని. "మరి ఎందుకే ఆ యంత్రం" అనేది.

ఇంత చిన్న బలంతో దూరం పోవాలంటే ఒకటే దారి, నెమ్మది. టెలిగ్రాఫువాళ్ళ చుక్కలు గీతల భాష పాతదే. మామూలుగా చుక్క అంటే కన్నుమూసి తెరిచేలోపల అయిపోతుంది. మేం ఒక్క చుక్కకు పది సెకన్లు తీసుకుంటాం, గీతకు అరనిమిషం. చెవికి ఏమీ వినపడదు. ల్యాప్‌టాప్ తెర మీద బూడిదరంగు గోలలో సన్నని తెల్లగీత పాకుతూ వస్తుంది. నా పేరు పంపడానికి పది నిమిషాలు. అవతలివాడు నన్ను ఎంత స్పష్టంగా చూశాడో చెప్పడానికి గీతలే: ఒకటంటే ఏదో ఉంది, రెండంటే సగం చదివాను, మూడంటే మొత్తం చదివాను. ఆఖరున ఇద్దరూ "ముట్టింది" అని చెప్పుకోవాలి. దానికి ఆర్ అనే అక్షరం. చుక్క, గీత, చుక్క. ఆ ఆర్ రెండు వైపులా కంటితో చూస్తేనే సంభాషణ జరిగినట్టు. లేకపోతే జరగనట్టే. ఫోన్ చేసి "పంపావా?" అని అడిగి పుస్తకంలో రాసుకోకూడదు. ఎవడూ కాపలా ఉండడు. ఎవడూ తనిఖీకి రాడు. అయినా రాసుకోకూడదు. మా రేడియోవాళ్ళకున్న కట్టుబాటు అదొక్కటే.

లౌరీ ఇంక్‌స్టర్ ఎక్కడో ఉత్తరాన సముద్రం మధ్య షెట్లాండ్ దీవుల్లో ఉంటాడు. ఓడల్లో ఇంజన్ పని చేసి దిగినవాడు. అతనిది కౌలు పొలం, అందులో నిజంగానే వందడుగుల స్తంభం. మూడు చలికాలాలు ప్రయత్నించాం. అతను నన్ను చూస్తున్నాడు, నేనే అతన్ని చూడలేకపోతున్నాను. ఫోన్ చార్జర్లు, టీవీలు, కొత్తరకం దీపాలు, ప్రతి ఇంట్లోంచీ గోల. ఆ గోలంతా నా తెర మీద మందపాటి చారలుగా పడుతుంది. ఏ చార ఏ ఇంటిదో చెప్పగలను. ఈ సంగతి ఐవీతో అంటే, "వాళ్ళకు నువ్వు వినిపిస్తావు, నీకు వాళ్ళు వినపడరు. పుట్టిన దగ్గర్నుంచీ అంతేగా" అంది.

అక్టోబరులో లౌరీ ఫోన్ చేశాడు.

"బెరిల్, భూమి అమ్మేశారు. సోమవారం ఖాళీ చెయ్యాలి."

"ఎవరమ్మారు?"

"భూమున్నవాళ్ళే అమ్ముతారు. ఇంకెవరు."

నేను ఆ యజమానిని ఒక పావుగంట తిట్టాను. లౌరీ విన్నాడు. అంతా విని, "ఆదివారం నాలుగింటికి పొరుగువాళ్ళొచ్చి స్తంభం దించుతారు. ఒంటిగంట నుంచి మూడు దాకా ఖాళీ. ఏదన్నా తేడా వస్తే మూడున్నరకు ఇంకో ఐదు నిమిషాలు పంపుతాను. ఆ తర్వాత తాళ్ళు విప్పుకోవాలి" అన్నాడు.

అంటే ఇదే ఆఖరు. కొత్త ఇంట్లో అతనికి స్తంభం పాతే జాగా లేదు. అంత స్తంభం ఉన్నవాడు ఇంకొకడు నాకోసం మూడేళ్ళు కూర్చోడు.

మళ్ళీ ఆరు తలుపులు కొట్టాను. ఆదివారం ఒంటిగంట నుంచి మూడు దాకా అన్నీ కట్టెయ్యండి, చార్జర్లు గోడలోంచి పీకెయ్యండి అని. పన్నెండో నంబరు నసీమ్ తలుపు తీసి నవ్వింది.

"అక్కా, మా పిల్లల చేతుల్లోంచి ఆ ట్యాబ్‌లు లాక్కోవడం కంటే మీ షెట్లాండ్‌కు నడిచిపోవడం తేలిక."

"రెండు గంటలే నసీమ్."

"రెండు గంటలు వాళ్ళని నువ్వు చూస్తావా?"

"నేను తెర చూడాలిగా."

"చూశావా. సరే, కట్టేస్తాను. బిర్యానీ గ్యాస్ మీదే కదా, దానికేం అడ్డులేదుగా?"

ఐవీ ఆ టైముకు టీవీలో పాత పాటల కార్యక్రమం పోతుందని సణిగింది, ఒప్పుకుంది. వాల్టర్ తలుపు దగ్గరే నిలబడి, "సెక్రటరీ గారి ఆజ్ఞ" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా నన్ను అలాగే పిలుస్తాడు. డిపో యూనియన్‌కు నేను సెక్రటరీగా ఉన్నప్పటి పిలుపు. అందులో వెక్కిరింపు ఎంతో, గౌరవం ఎంతో నేనెప్పుడూ తేల్చుకోలేదు.

ఆదివారం వచ్చింది. ఆకాశం మబ్బుగా ఉంది, వాన లేదు. ఐవీ తాడు మీద ఒక్క గుడ్డ లేదు, నాకోసం. పది నిమిషాలు తక్కువ ఒంటిగంటకు తెర ముందు కూర్చున్నాను. ఒక్కొక్క చారా ఆరిపోవడం చూశాను. ఐవీ టీవీ పోయింది. నసీమ్ ఇంటి చారలు నాలుగు, ఒకటొకటిగా, నాలుగో దానికి చాలాసేపు పట్టింది. ఇంట్లో ఏడుపు ఎంత జరిగిందో ఊహించగలను. అందరికంటే ఆఖరున వాల్టర్ టీవీ, సరిగ్గా ఒంటిగంటకు. తెర నల్లబడింది. ఆ వీధిలో ముప్పై ఏడేళ్ళుంటున్నాను, అంత నిశ్శబ్దం ఎప్పుడూ చూడలేదు.

నా పేరు పంపాను. ఆగాను. ఒంటిగంటా ఇరవై ఐదుకు, నల్లటి తెర మీద ఒక వెంట్రుక. గీత. మళ్ళీ గీత. లౌరీ. ఏడొందల కిలోమీటర్ల అవతల ఎవరి భూమిలోనో నిలబడ్డ స్తంభం నుంచి నా వంటింటి బల్ల మీదికి. నేను తేలికగా కళ్ళనీళ్ళు పెట్టుకునే రకం కాదు. టీ చల్లారిపోయింది, అంతే.

రెండుంపావుకు అతని పేరు పూర్తిగా చదివాను. రెండున్నరకు రెండు గీతలు వచ్చాయి, నన్ను సగం చదివాడన్నమాట. నేను మూడు గీతలు పంపి, ముట్టిందని ఆర్ పంపాను. ఇక అతని ఆర్ రావాలి. అదొక్కటి వస్తే అయిపోయినట్టు.

పదినిమిషాలు తక్కువ మూడు. చుక్క వచ్చింది. గీత వచ్చింది. రెండో చుక్క రావాల్సిన చోట వెడల్పాటి చార దిగింది. తెరంతా తెల్లగా బుస్సుమంది.

సందులోకి పరుగెత్తాను. "ఎవరు? ఎవరు వేశారు?"

ఐవీ కిటికీలోంచి తల బయటపెట్టింది. "నేను కాదు. చీకట్లో కూర్చుని గోడ చూస్తున్నాను."

"నీ టీవీయే. నాకు తెలుసు."

"వచ్చి చూసుకో. టీవీ మీద పిల్లి పడుకునుంది."

నసీమ్ చిన్న రేడియో పట్టుకుని బయటికొచ్చింది, బ్యాటరీతో నడిచేది. గోల ఎక్కడుందో వెతకడం నేనే నేర్పాను ఆమెకు. దగ్గరికి పోయేకొద్దీ రేడియో బుర్రుమంటుంది. ఐవీ గుమ్మం దగ్గర తక్కువగా ఉంది. పదో నంబరుకు వచ్చేసరికి పెరిగింది. ఎనిమిది దగ్గర చెవులు పగిలేలా అరిచింది. నసీమ్ నా మొహం చూసి నా ఇంట్లోకి నడిచింది. మెట్లకింద అల్మారా తలుపు తీసింది.

నా చేతి మైకు. వచ్చే శనివారం లైబ్రరీ మూసివేతకు అడ్డం నిలబడడానికి చార్జింగ్ పెట్టాను. వేడెక్కితే గంటలతరబడి ఆగిపోయి, దానంతటదే మళ్ళీ మొదలెట్టే చార్జర్. పచ్చదీపం మిణుకుమిణుకుమంటోంది. అందరి గోడల్లోంచీ చార్జర్లు పీకించినదాన్ని, నా అల్మారా తెరిచి చూడలేదు.

"అక్కా," అంది నసీమ్, "దీనికి కూడా తలుపు కొట్టి చెప్పాల్సింది."

పీకాను. అప్పటికి మూడు దాటి ఐదు నిమిషాలు. తెర నల్లగా ఉంది, ఖాళీగా ఉంది. లౌరీ మూడింటికి ఆపేశాడు.

వచ్చిన ముక్కను ల్యాప్‌టాప్ దాచిపెట్టిన బొమ్మ తీసి చూశాను. చుక్క, గీత, తర్వాత తెల్లటి గోల. ఆ గోలలోకి చూస్తూ ఉంటే చుక్క కనిపించింది. నిజంగా కనిపించింది. పది సెకన్ల పొడవు, సరిగ్గా ఉండాల్సిన చోట. ఈ తెరల ముందు ఏళ్ళతరబడి కూర్చున్నవాళ్ళందరికీ తెలిసిన జబ్బే ఇది. కావాలనుకుంటే కనిపిస్తుంది. మొహం తిప్పి మళ్ళీ చూస్తే ఉండదు. ఇంకాసేపు చూస్తే మళ్ళీ వస్తుంది.

బయట సందులో అందరూ చేరారు. ఐవీ, నసీమ్, పిల్లలు, మిగతా ఇళ్ళవాళ్ళు, వాల్టర్. రెండు గంటలు చీకట్లో కూర్చున్నవాళ్ళు. నేను గుమ్మంలోకి రాగానే ఐవీ అడిగింది.

"వచ్చిందా?"

వచ్చిందనే మాట నాలుక మీదికి వచ్చేసింది. లౌరీ ఆ చుక్క పంపాడు, అందులో ఎవరికీ అనుమానం లేదు. రెండు గంటలు నాకిచ్చిన ఈ జనానికి ఒక్క మంచి కబురు చెప్పడంలో తప్పేముంది?

"రాలేదు," అన్నాను. "ఆఖరి అక్షరంలో ఆఖరి చుక్క రాలేదు. నా మైకు చార్జర్ మింగేసింది."

 ఐవీ నవ్వు మొదలెట్టింది. గోడ పట్టుకుని నవ్వింది. "మా టీవీలన్నీ కట్టించి, తన మైకు తానే... అయ్యో బెరిలూ." అందరూ నవ్వారు. నవ్వాల్సిందే.

"మూడున్నరకు ఇంకోసారి పంపుతాడు," అన్నాను. "ఐదు నిమిషాలు. మీరు ఇంకో అరగంట ఆపగలిగితే. అడగడానికి నాకు మొహం లేదు, అడుగుతున్నాను."

"అరగంటేగా," అంది నసీమ్. పిల్లలు మూలిగారు.

వాల్టర్ మాత్రం తల అడ్డంగా ఊపాడు. "ఎందుకు? వచ్చిందని రాసుకో. అవతలివాడు పంపాడుగా. నమ్మదగిన మనిషే. కొండవతలి డిపో వాళ్ళలాంటి వాడు కాదుగా, మాటిచ్చి ఎగ్గొట్టడానికి."

ఇక్కడ ఆగి పాత సంగతి చెప్పాలి. బస్సుల్ని ప్రైవేటువాళ్ళకు అప్పజెప్పిన ఏడాది మేం సమ్మెకు దిగాం. ఓటింగ్ ముందు రోజు కొండవతలి డిపోకి ఫోన్ చేశాను. వాళ్ళ సెక్రటరీ దొరకలేదు. ఫోన్ ఎత్తినతను "అడిగి చెప్తాం" అన్నాడు. మర్నాడు క్యాంటీన్ బల్ల ఎక్కి, "వాళ్ళు కూడా దిగుతున్నారు" అని చెప్పాను. దిగుతారని నమ్మాను. దిగాలి కాబట్టి దిగుతారనుకున్నాను. చేతులు లేచాయి. వాళ్ళు దిగలేదు. తొమ్మిదో రోజు సమ్మె విరిగి మేం తిరిగి గేటు దగ్గరికి పోతే పదకొండు మందిని లోపలికి రానివ్వలేదు. వాల్టర్ అందులో ఒకడు. తర్వాత పదహారేళ్ళు రాత్రి కాపలా పనులు చేశాడు. ముప్పై ఏళ్ళుగా కొండవతలి మనుషుల్ని తిడుతూనే ఉన్నాడు, వాళ్ళ ఊరి ఫుట్‌బాల్ జట్టుతో సహా. నేను ఆపలేదు. ఒకటి రెండుసార్లు గొంతు కూడా కలిపాను.

మూడు దాటి పదిహేను నిమిషాలు. నాలుగు తర్వాత చెప్పొచ్చు. రేపు చెప్పొచ్చు. వాల్టర్ టీవీ సరిగ్గా నా అల పక్కనే పడుతుంది, ఆ సంగతి అతనికీ తెలుసు. తీగ కొస అతని పొగగొట్టానికుంది. ఇవన్నీ బుర్రలో తిరిగాయి. కానీ అతను ఆ డిపో పేరెత్తి నాకు అబద్ధం ఇస్తున్నాడు, చేతికందిస్తున్నాడు, నేను నోరు మూసుకుని నిలబడితే అదీ ఇంకో అబద్ధమే.

"వాల్టరూ, వాళ్ళు మాటివ్వలేదు."

"ఎవరు?"

"కొండవతలి వాళ్ళు. అడిగి చెప్తామన్నారు, అంతే. దిగుతున్నారని చెప్పింది నేను. వాళ్ళు చెప్పలేదు."

సందులో నవ్వు ఆగిపోయింది. ఐవీకి కూడా ఆ ఏడాది గుర్తుంది. ఆమె మొగుడు కండక్టరు.

వాల్టర్ నా వైపు తిరిగాడు. "నీకు తెలిసే చెప్పావా?"

"తెలియదని తెలిసే చెప్పాను."

అతను వెనక్కి తిరిగి తన పెరడు గేటు తీసుకుని లోపలికి వెళ్ళాడు. గేటు గట్టిగా వెయ్యలేదు. నెమ్మదిగా వేశాడు.

నేను తెర ముందు కూర్చున్నాను. మూడు ఇరవై ఐదు, నల్లగా ఉంది. ఇరవై ఏడుకు కుడి పక్కన ఒక చార మొదలైంది. మందంగా, అంచులు కొరికినట్టు. పేరు చూడక్కర్లేదు. వాల్టర్ టీవీ. మూడున్నరకు లౌరీ పంపడం మొదలెట్టి ఉంటాడు. నా తెర మీద ఏమీ లేదు, వాల్టర్ టీవీ తప్ప. వెళ్ళి తలుపు కొడితే? నసీమ్ కిటికీలోంచి చూస్తోంది, నన్ను వెళ్ళమని సైగ చేసింది. నేను కదల్లేదు. ఆ మనిషి తన ఇంట్లో తన టీవీ వేసుకోవడానికి నా దగ్గర అనుమతి తీసుకోవాలా? ముప్పై ఏళ్ళ కింద నేను అతని చెయ్యి ఎత్తించాను. ఇప్పుడు స్విచ్ కూడా నేనే నొక్కించాలా?

మూడు ముప్పై ఆరు. ముప్పై ఏడు. ముప్పై ఎనిమిదికి చార ఆగిపోయింది. ఎవరో పీకినట్టు, ఒక్కసారిగా. తెర నల్లబడింది, ఒంటిగంటప్పటి కంటే నల్లగా. నాలుగు దాకా కూర్చున్నాను. వెంట్రుకంత గీత కూడా రాలేదు. అప్పటికి లౌరీ తాళ్ళు విప్పుకుంటున్నాడు.

పుస్తకం తీసి తేదీ వేశాను. అతని పేరు రాశాను. పక్కన "పూర్తి కాలేదు" అని రాశాను.

ఐదింటికి లౌరీ ఫోన్ చేశాడు, రొప్పుతూ. "దించేశాం. నా ఆర్ వచ్చిందా?"

"లేదు."

"తొమ్మిదిసార్లు పంపాను బెరిల్."

"చుక్కా గీతా వచ్చాయి. ఆఖరి చుక్క రాలేదు."

 "అయితే లేదు," అన్నాడు. ఇంకోలా అనివుంటే ఆ మనిషి మీద నాకున్న గౌరవం పోయేది. "బస్సు బ్యాటరీలు పారెయ్యకు. ఎక్కడో ఒకచోట జాగా వెతుకుతాను" అని పెట్టేశాడు. దొరకదని ఇద్దరికీ తెలుసు.

చెత్తడబ్బా బయట పెడదామని గేటు తీస్తే వాల్టర్ సందులో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో తెలియదు. పైకి, తీగ వైపు చూస్తున్నాడు. కత్తెర తెచ్చాడేమోనని చేతులు చూశాను. ఖాళీగా ఉన్నాయి.

"వచ్చిందా?" అన్నాడు.

"లేదు."

"నా టీవీ వల్లేనా?"

స్తంభం ముందే దించేశారని చెప్తే అతని మనసు తేలికపడుతుంది. ఇది కూడా మంచికోసమే కదా.

"నీ టీవీ వల్లే," అన్నాను. "నువ్వు కట్టేసేసరికి మూడు నిమిషాలు ఆలస్యమైంది."

తల ఊపాడు. బాధపడ్డాడో సంతోషించాడో ఆ వెలుతురులో తెలియలేదు. పొగగొట్టం దగ్గర తీగ ముడి వదులైందనీ, గాలొస్తే జారుతుందనీ ఏదో గొణిగాడు. తర్వాత, "శనివారం లైబ్రరీ దగ్గరికి వస్తాను. ఎంతమంది వచ్చారో మైకులో నువ్వు చెప్పకు. నేను లెక్కపెట్టి చెప్తాను, అదే చెప్పు" అన్నాడు.

"సరే."

"ఆ మైకు చార్జయిందా?"

"సగమే."

"సగమంటే సగమేనా?"

"సగమే వాల్టరూ. కావాలంటే వచ్చి చూసుకో."

అతను వచ్చి చూసుకున్నాడు.